అత్తా అల్లుడూ ఒకే బండి మీద

సేన్‌సేప్ కాలువ పడవలో ప్రశాంతత దొరుకుతుందంటే మా బ్యాంకాక్‌లో ఎవరూ నమ్మరు. ఇంజను రొదకి చెవులు చిల్లులు పడతాయి. నీళ్లు కంపు. ఎదురుగా ఇంకో పడవ వచ్చిందంటే, అంచున కూర్చున్నవాళ్లు తాడు లాగి ప్లాస్టిక్ తెర ఎత్తాల్సిందే, లేదంటే ముఖాన మురుగే. కానీ లమ్యాయ్‌ని అడిగి చూడండి. ప్రతూనామ్ బట్టల బజారులో కాజాలు కుట్టే ఆ పెద్దావిడకి స్వర్గమంటే అదే. ఆ రొదలో ఆమెతో ఎవరూ మాట్లాడలేరు మరి.

ఇంట్లో కూతురు ఒరతై, అల్లుడు విచిత్, ఇద్దరు మనవలు, ఎప్పుడూ మోగే టీవీ. కొట్లో యజమానురాలి నోటికి మూతే లేదు. మధ్యలో ఆ పడవ ప్రయాణం ఒక్కటే తనది. బల్ల మీద కూర్చోగానే, తానెప్పుడూ చూడని సముద్రపు ఒడ్డున, ఊహలోనే ఓ పూటకూళ్ల ఇల్లు తెరుస్తుంది. వంటవాణ్ణి మార్చేస్తుంది, తాగి వచ్చినవాణ్ణి గెంటేస్తుంది, పెళ్లాంతో పోట్లాడి వచ్చినవాడికి వేడి గంజి పోసి బుద్ధి చెబుతుంది. దిగేసరికి మనసు తేలికపడుతుంది.

అంతలో విచిత్‌కి ప్రతూనామ్ దగ్గర కొత్త ఉద్యోగం వచ్చింది.

"రేపట్నుంచి మీరా మురిక్కాలవలో పడి రానక్కర్లేదత్తయ్యా. రానూ పోనూ నా బండి మీదే," అన్నాడు భోజనాల దగ్గర.

"చూశావా అమ్మా, ఎంత మంచి అల్లుడో!" అంటూ ఒరతై చేప ముక్క తల్లి కంచంలో వేసింది.

లమ్యాయ్‌కి వెంటనే తన పూటకూళ్ల ఇల్లు గుర్తొచ్చింది. ప్రేమగా ఇచ్చినదాన్ని వద్దనడం మావాళ్ల చేత కాదు. మొహమాటంతో ప్రాణమైనా వదులుకుంటారు గానీ ఎదుటివాళ్ల మనసు నొప్పించరు.

"చల్లగా ఉండు నాయనా," అంది.

మర్నాటి నుంచీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ప్రయాణం. విచిత్ బస్సుల సందుల్లోంచి దూరిపోతుంటే, కళ్లు మూసుకుని బుద్ధుణ్ణి తలుచుకోవడంతోనే సరిపోయేది. ఇంక పూటకూళ్ల ఇల్లెక్కడ? కొన్ని వారాలకే కాజాలు వంకర పోయాయి. మనవల మీద అయినదానికీ కానిదానికీ విసుక్కోసాగింది. ఆ కాస్త ఏకాంతం పోతే మనిషి ఇంతగా ఎండిపోతుందని ఆమెకే తెలియదు.

ఒక ఉదయం దారిలో కుండపోత వాన పట్టుకుంది. బండ్లవాళ్లందరూ ఫ్లైఓవర్ కింద చేరారు. విచిత్ పరధ్యానంగా కూనిరాగం అందుకుని, అత్తగారు గుర్తొచ్చి టక్కున ఆపేశాడు.

"ఆపావేం? పాడు."

"అబ్బే... ఒక్కణ్ణే వెళ్లేటప్పుడు అలవాటత్తయ్యా. గొంతెత్తి పాడుకునేవాణ్ణి. ఇంట్లో పిల్లలు, ఆఫీసులో మేనేజరు... ఆ కాసేపే కదా నాది," అనేసి నాలిక్కరుచుకున్నాడు.

లమ్యాయ్ అతన్ని తేరిపార చూసింది. "మరి నన్నెందుకు ఎక్కించుకున్నావురా అబ్బాయ్?"

"మీరు పడవలో తడుస్తూ వెళ్తుంటే నేను దర్జాగా బండి మీదా? ఏం బాగుంటుంది?"

"నాకా పడవే కావాలి! నీ బండెక్కిన కాడ్నుంచి నాకు ఊపిరాడ్డం లేదు."

విచిత్ నోరెళ్లబెట్టాడు. "ఆ ముక్క మొదటిరోజే చెప్పొచ్చుగా!"

"నువ్వు చెప్పావా?"

ఇద్దరూ పగలబడి నవ్వారు. పక్కన తడిసి ముద్దయినవాళ్లు వింతగా చూశారు.

"ఒరతైకేం చెబుదాం?" అన్నాడు విచిత్, నవ్వాపుకుంటూ.

"నువ్వు తోలుతుంటే నాకు గుండె దడని చెప్పు. అందులో అబద్ధమేం లేదు."

వాన తగ్గగానే ఆమె హెల్మెట్ తీసి అల్లుడి చేతిలో పెట్టి, దగ్గర్లోని రేవుకి నడిచింది. మెట్లు దిగుతుంటే పైన కాలువ వంతెన మీద, ఆగిపోయిన బండ్ల మధ్య నుంచి ఓ పాట వినిపించింది. గొంతు పరమ ఘోరం. ఇన్నాళ్లూ దాన్ని నొక్కి పెట్టింది తనేనా అని మనసు చివుక్కుమంది, ఆ వెంటనే కొండంత బరువు దిగిపోయింది.

పడవ వచ్చి రేవుకి ఒరుసుకుంది. "తొందరగా ఎక్కు పెద్దమ్మా!" అని అరిచాడు టికెట్లతను. ఆమె నింపాదిగా ఎక్కి, అంచున చోటు చూసుకుని కూర్చుంది. ఇంజను రొద లేచింది, పాట అందులో మునిగిపోయింది. ఇంక ఆమెను ఎవరూ ఏమీ అడగరు.