మూడాకులు తక్కువైన తోరణం

ఆదోనిలో ఏసన్న చేతికి రాగి రేకు దొరికితే అరగంటలో మామిడాకైపోతుంది. కత్తెరతో ఆకారం కోస్తాడు. కుంపట్లో ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి మెత్తబరుస్తాడు. ఇసుక సంచి మీద బోర్లా పెట్టి మొద్దు ఉలితో ఈనెలు తీస్తాడు. బిందెల అంగట్లో సుత్తి కొట్టే కూలీగా మొదలైనవాడు. స్టీలు వచ్చి రాగి బిందెలను మూలకు నెట్టాక పొట్ట కోసం ఆకులు పట్టుకున్నాడు. పొట్ట కోసమే అయినా, ఇప్పుడు తన ఆకుకు ఎవరైనా వంక పెడితే ఒళ్లు మండిపోతుంది.

హొళగుంద దారిలో ఒక ఊరివాళ్లు గుడి వాకిలికి ఇరవై ఒక్క ఆకుల తోరణం చేయమన్నారు. ఆ రోజే గుడి పెద్ద బసవరాజుకు ఏసన్న స్పష్టంగా చెప్పాడు.

"తీగకు తగిలించేకి తొడిమలు నేనే వచ్చి వాకిలి కాడ వంచుతానన్నా. కాల్చి వంచల్ల. సల్లగా ఉన్నప్పుడు అటూ ఇటూ వంచితే ఇరుగుతాయి."

బసవరాజు బుర్ర ఊపాడు. తీరా తోరణం తీసుకుపోతే గేటు దగ్గరే చేయి అడ్డం పెట్టాడు.

"ఈడనే ఇచ్చిపో ఏసన్నా. మీవాళ్లు మెట్టెక్కితే ఊర్లో మాటొస్తాది."

చేసిన చేయి మైల, చేసిన ఆకు మడి! ఇదెక్కడి లెక్కో ఆ పెద్దమనుషులకే తెలియాలి. ఏసన్న పళ్లు కొరుక్కుంటూ ఇచ్చి వచ్చేశాడు.

జాతర రెండు రోజులుందనగా బసవరాజే ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. సంచిలోంచి మూడాకులు కింద పడేశాడు. మూడూ తొడిమ దగ్గర విరిగాయి.

"నీ రాగి కల్తీదప్పా. మేము వంచి తగిలిస్తాంటేనే ఇరిగినాయి. మంది ముందర తలెత్తుకోలేకపోయినా."

కల్తీ అన్న మాటకు ఏసన్న తల తిరిగిపోయింది. అదే రేకు ముక్క తెచ్చి, కాల్చి, ముంచి, బసవరాజు కళ్లముందే వేలికి చుట్టి విప్పాడు. చిట్లలేదు. కాల్చకుండా ఇంకో ముక్కను పదే పదే వంచాడు. టక్కున విరిగింది.

"సూసినావా? నా రాగిది కాదు తప్పు. నన్ను గేటు కాడ ఆపిన నీది!"

బసవరాజు గొంతు తగ్గించాడు. "సరేలే, తెల్లారుజామున రా. ఎవురూ ఉండరు. ఎనక పక్కనుంచి రావచ్చు."

"దొంగనా నేను, ఎనక నుంచి వచ్చేకి? నా ఆకు ముందర వాకిలికి కావల్ల, నేను ఎనక నుంచి రావల్లనా? లే, బయటికి నడువు!"

"ఇంగ ఆ పక్క పని రాదు," అంది భార్య ప్రేమలత, అతడు పోయాక.

"రాకపోతే పోనీ."

జాతరనాడు తోరణం నడిమధ్యన మూడాకుల ఖాళీ. పట్టపగలు, జనం కిటకిటలాడుతుండగా ఏసన్న కుంపటితో వచ్చి మెట్ల కింద నిలబడ్డాడు. రెండో చేతిలో మూడు కొత్త ఆకులు.

పూలమ్మే హులిగమ్మ పైకి చూసి అడిగింది. "నడిమధ్య ఆకులేవప్పా?"

"ఈడ ఉండాయమ్మా," అన్నాడు ఏసన్న, అందరికీ వినబడేట్టు. "నేను మెట్టెక్కితే అవీ ఎక్కుతాయి. రానీయనంటాండాడు, అడుగు ఆయన్ని."

జనం బసవరాజు వైపు తిరిగారు. అతడు నేల చూపులు చూశాడు. రమ్మనడానికి నోరు రాలేదు, పొమ్మనడానికి ధైర్యం చాలలేదు. పొద్దు వాలేదాకా ఏసన్న అక్కడే నిలబడి, బొగ్గులు ఆరిపోకుండా విసురుతూనే ఉన్నాడు.