అయిదో సబ్జెక్టు

2016 ఏప్రిల్ నాటి సంగతి. విజయవాడ నుంచి మైలవరం వెళ్లే దారిలో ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అకడమిక్ సెక్షన్ సూపరింటెండెంటుగా పనిచేస్తున్నాను. పొద్దున్నే పటమటలో కాలేజీ బస్సెక్కేదాన్ని. కొండపల్లి దాటాక అక్కడక్కడా మామిడి తోటలు కనిపించేవి. చెట్ల కింద రాలిన పిందెలు ఏరుకునేవాళ్లు తలెత్తి మా బస్సు వంక చూసేవాళ్లు. రిటైరై ఇంట్లో కూర్చున్నాక, చేసిన ఉద్యోగం కంటే ఆ ప్రయాణమే ఎక్కువ గుర్తొస్తోంది.

మా పని బయటివాళ్లకు పెద్దగా తెలియదు. పాఠాలు చెప్పేది లెక్చరర్లు, పరీక్షలు పెట్టేది యూనివర్సిటీ. ఎవరు పై సెమిస్టరుకు వెళ్లాలి, ఎవరు ఆగిపోవాలి అన్నది రూల్స్ ప్రకారం తేల్చి కాగితం మీద పెట్టేది మేము. హాజరు డెబ్బై అయిదు శాతం ఉండాలి. కాస్త తగ్గినా, అరవై అయిదు దాటి ఉంటే సరైన కారణం చూసి కాలేజీ మన్నించవచ్చు. దాన్ని కండోనేషన్ అంటారు. అరవై అయిదు కూడా లేకపోతే డిటెన్షనే. ఆ సెమిస్టరు పరీక్షలు రాయనివ్వరు, తర్వాత ఎప్పుడో జూనియర్లతో కలిసి మళ్లీ చదవాలి. పాసైన ప్రతి సబ్జెక్టుకూ కొన్ని క్రెడిట్లు వస్తాయి. తప్పినవి బ్యాక్‌లాగులుగా మిగులుతాయి. ఎంత సాగినా, చేరిన ఎనిమిదేళ్లలోపు అన్నీ పూర్తి కావాలి. ఒక్క సబ్జెక్టు మిగిలిపోయినా డిగ్రీ రాదు, సీటు రద్దవుతుంది.

ఆ ఏడాది ఎనిమిదో ఏట ఉన్నవాళ్లలో పద్మజ ఒకతె. 2008లో సివిల్ బ్రాంచిలో చేరింది. మూడో సంవత్సరంలో పెళ్లయింది. ఆ వెంటనే కడుపుతో ఉండి, రెండో సెమిస్టరులో హాజరు అరవై ఒకటికి పడిపోయింది. డిటెన్షన్ జాబితా టైపు చేసింది నేనే. పాప పుట్టి కాస్త పెద్దదయ్యాక, రెండేళ్ల తర్వాత మళ్లీ వచ్చి చేరింది. ఎలాగో నాలుగో సంవత్సరం దాకా లాక్కొచ్చింది కానీ కొన్ని సబ్జెక్టులు మిగిలిపోయాయి.

మార్చి నెలలో వాళ్ల అత్తగారు మాణిక్యమ్మ గారిని వెంటబెట్టుకుని మా సెక్షన్‌కు వచ్చింది. ఉయ్యూరు అవతల వాళ్లది చెరుకు పండించే పల్లె. రెండు బస్సులు మారి వచ్చారు. మాణిక్యమ్మ గారికి చదువు రాదు. కౌంటరు దగ్గర కోడల్ని పక్కకు జరిపి ఆవిడే ముందు నిలబడింది.

"ఇంకా ఎన్ని ఉన్నయ్యండీ మా పిల్లకి?"

"నాలుగండి. మే నెల పరీక్షల్లో నాలుగూ పాసవ్వాలి. ఇదే ఆఖరి అవకాశం."

"నాలుగంటే నాలుగేనా?"

"నాలుగేనండి," అన్నాను. ఫైలు తెరవలేదు. పద్మజ సంగతి నాకు తెలుసుననే ధీమా.

ఏప్రిల్‌లో ఒక శనివారం, ఎనిమిదో ఏట ఉన్న పిల్లల క్రెడిట్లన్నీ ఒకసారి సరిచూస్తున్నాను. పద్మజ లెక్క కుదరలేదు. నాలుగు సబ్జెక్టులూ పాసైనట్టు వేసుకున్నా డిగ్రీకి కావలసిన క్రెడిట్లకు తక్కువే వచ్చింది. రెండుసార్లు కూడి చూశాను. మళ్లీ తక్కువే. అప్పుడు ఆమె తిరిగి చేరినప్పటి కాగితాలు తీశాను.

ఆమె ఇంట్లో ఉన్న రెండేళ్లలో యూనివర్సిటీ సిలబస్ మారింది. ఇలా మధ్యలో తిరిగి వచ్చినవాళ్లు కొత్త సిలబస్‌లోకి వస్తారు. జూనియర్లు కింది తరగతుల్లో చదివిన సబ్జెక్టుల్లో వీళ్లు చదవనివి ఉంటే, అవి అదనంగా రాయాలి. జూనియర్లు రెండో సంవత్సరంలో ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్ చదివారు. పద్మజ దాని మొహం చూడలేదు. అదనపు సబ్జెక్టుల జాబితాలో అది ఉండాలి. లేదు. ఆ జాబితా రాసింది నేను. కింద ఉన్నది నా సంతకం.

పక్క సీట్లో ప్రసాద్ గారు సంగతి గ్రహించి నెమ్మదిగా అన్నారు: "అదనపు సబ్జెక్టుల సర్క్యులర్ అప్పట్లో నోటీసు బోర్డులో పెట్టాం కదండీ. చూసుకోవాల్సింది ఆ అమ్మాయి. రిజల్ట్స్ వచ్చాక బయటపడితే యూనివర్సిటీ రూలు అని చెప్తాం. ఇంకో మూడేళ్లలో రిటైరవుతారు, ఇప్పుడెందుకు మీ మీదకు తెచ్చుకోవడం?"

ఆయన చెడ్డవాడు కాదు. నా మీద అభిమానంతోనే అన్నారు. నిజం చెప్పాలంటే, ఆ మాట వినగానే నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది కూడా. మర్నాడు ఆదివారం చర్చిలో కూర్చున్నాను కానీ పాస్టరు గారు చెప్పింది ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. కౌంటరు ముందు నిలబడి "నాలుగంటే నాలుగేనా" అని అడిగిన ఆవిడే కళ్లముందు ఉంది.

సోమవారం పొద్దున్నే ఫైలు పట్టుకుని ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను. ఆయన చదివి కళ్లజోడు తీశారు.

"చేతిరాత మీదేనా మేడం?"

"నాదే సర్."

"జరిగింది రాసి ఇవ్వండి. అదనపు సబ్జెక్టుకు పర్మిషన్ కోసం యూనివర్సిటీకి ఇవాళే పంపుతాను. రిజిస్ట్రేషన్‌కు బుధవారం ఆఖరు. ఆలోపు ఆ అమ్మాయి సంతకం కావాలి." కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "మీకు మెమో ఇవ్వక తప్పదు," అన్నారు.

"ఇవ్వండి సర్."

పద్మజ ఫోన్ పలకలేదు. పలికినా ఇది ఫోన్లో చెప్పే మాట కాదనిపించింది. ఫారం పర్సులో పెట్టుకుని బెజవాడ బస్టాండుకు వచ్చి ఉయ్యూరు బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటో. వాళ్ల ఊరు చేరేసరికి మూడు దాటింది.

మాణిక్యమ్మ గారు వసారాలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసి గబగబా లేచి కుర్చీ వేసింది. లోపలి నుంచి పద్మజ పుస్తకం చేత్తో పట్టుకునే వచ్చింది. మంచినీళ్లు తాగి, ఇక ఆలస్యం చేస్తే నోరు రాదని చెప్పేశాను.

"పద్మజా, నాలుగు కాదమ్మా, అయిదు రాయాలి. నువ్వు తిరిగి చేరినప్పుడు జాబితాలో నేను ఒకటి వదిలేశాను. తప్పు నాది."

"ఏ సబ్జెక్టు మేడం?"

చెప్పాను.

"నేను దాన్ని ఎప్పుడూ చదవలేదు మేడం. పరీక్షలు ఇంక మూడు వారాలే కదా?" అంటూ గుమ్మం పట్టుకుని కూర్చుండిపోయింది.

మాణిక్యమ్మ గారు అరుస్తుందనుకున్నాను. అరిస్తే పడటానికి సిద్ధపడే వెళ్లాను. ఆవిడ మాత్రం నా వంకే చూస్తూ, "తప్పు మీదేనని మీరే వచ్చి చెప్తన్నారా?" అంది.

"నాదేనండి. ఇంకెవరిదీ కాదు."

ఆవిడ చేతికంటిన చింతపండు చీర కొంగుకు తుడుచుకుంది. ఒకసారి తుడిచి, మళ్లీ తుడిచింది.

"నేను చేసింది ఇంతకంటే పెద్ద తప్పండీ. ఇన్నేళ్లబట్టీ ఎవరికీ చెప్పలా." కోడలి వైపు తిరిగింది. "అమ్మాయ్, నువ్వు కడుపుతో ఉన్నప్పుడు నీ స్నేహితురాలు ఫోన్ చేసింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నా దగ్గరే ఉండేది కదా. రేపటి నుంచి రోజూ వస్తే హాజరు గట్టెక్కుద్ది, ఆంటీ, తప్పకుండా చెప్పండి అంది. నేను నీకు చెప్పలా. ఒళ్లు బాగోని పిల్లని బస్సుల్లో తిప్పటం దేనికిలే, పెళ్లయిందాయె, ఇంకా చదువేంటిలే అనుకున్నా. ఏడాది పోద్దని నాకు తెలీదు. తెలిసినా చెప్పేదాన్నో లేదో."

పద్మజ చేతిలో ఉన్న పుస్తకం మూసింది. ఇన్నేళ్లూ ఆ డిటెన్షన్ తన బద్ధకం వల్లేనని నమ్ముకుని ఉన్న పిల్ల. లేచి లోపలికి వెళ్లింది. నేనిక బయల్దేరదామనుకుంటుండగా ముఖం కడుక్కుని, పెన్ను పట్టుకుని బయటికి వచ్చింది.

"ఎక్కడ సంతకం పెట్టాలి మేడం?"

అత్తగారి వైపు చూడలేదు.

యూనివర్సిటీ పర్మిషన్ బుధవారం మధ్యాహ్నం వచ్చింది. సాయంత్రానికి రిజిస్ట్రేషన్ పూర్తయింది. మ్యాథ్స్ డిపార్టుమెంటులో హరిత అని కొత్తగా చేరిన లెక్చరరు ఉండేది. అడగ్గానే, మధ్యాహ్నం క్లాసులు లేని గంటలో రోజూ చెప్తానంది. మర్నాటి నుంచి పద్మజ రావడం మొదలుపెట్టింది. కోడలు వద్దన్నా మాణిక్యమ్మ గారూ వచ్చేది. పాపను తాతయ్య దగ్గర వదిలి, అన్నం క్యారేజీతో రెండు బస్సులు మారి వచ్చి, మా సెక్షన్ బయట బెంచీ మీద కూర్చునేది.

మొదటి వారం పద్మజ ఆవిడతో మాట్లాడేది కాదు. క్యారేజీ అందుకుని క్లాసులో ఒక్కతే తినేది. ఆవిడ తను తెచ్చుకున్న పెరుగన్నం బెంచీ మీదే తినేది. ఉండబట్టలేక నేను లోపలికి పిలిచి కుర్చీ వేయించాను. అప్పటి నుంచి ఆవిడ మా సెక్షన్ మనిషే అయిపోయింది. వచ్చే పోయే పిల్లల మాటలు వింటూ, కండోనేషన్ అంటే ఏంటి, బ్యాక్‌లాగు అంటే ఏంటి అని నన్ను అడిగేది. కండోనేషన్ ఆవిడ నోట్లో 'కండనేషను' అయింది. ఒకరోజు హాజరు తగ్గిందని ఏడుస్తూ వచ్చిన సెకండియర్ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, "ఎంతుంది నీకు? అరవై ఏడా? ఏడవమాక, కండనేషను ఇస్తారు. ఇక మానబాక. ఇంట్లో పెద్దోళ్లు మానమన్నా మానబాక," అని చెప్తుంటే ప్రసాద్ గారు నవ్వాపుకోలేకపోయారు. నేను మాత్రం నవ్వలేకపోయాను.

రెండో వారంలో ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూము నుంచి తిరిగి వస్తూ చూశాను. బెంచీ మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకే గిన్నెలోంచి మామిడికాయ పప్పు వడ్డించుకుంటున్నారు. ఏం మాట్లాడుకున్నారో, ఎప్పుడు మాట్లాడుకున్నారో నాకు తెలియదు. నేను అడగలేదు.

పరీక్షలు అయిపోయాయి. ఫలితాలు వచ్చిన రోజు మా సిస్టంలో ముందుగా పద్మజ నంబరే కొట్టాను. నాలుగు సబ్జెక్టులూ పాస్. అయిదోదీ పాసే, గీతకు రెండే మార్కులు పైన. వెంటనే పద్మజకు ఫోన్ చేసి చెప్పాను. మాణిక్యమ్మ గారు ఫోన్ లాక్కుని, "అయిదంటే అయిదూనా?" అని రెట్టించి అడిగింది. ఈసారి మార్కులన్నీ ముందు పెట్టుకుని ఒక్కొక్కటే చదివి చెప్పాను.

ప్రొవిజనల్ సర్టిఫికెట్ తీసుకోవడానికి ఇద్దరూ కలిసే వచ్చారు. డిగ్రీ పట్టా వచ్చేలోపు ఇచ్చే కాగితం అది. పద్మజ రిజిస్టరులో సంతకం పెడుతుంటే మాణిక్యమ్మ గారు ఆ కాగితాన్ని జాగ్రత్తగా అంచులు పట్టుకుని నా ముందు పెట్టింది.

"ఇందులో ఏం రాశారో మొత్తం చదవండి మేడం గారూ. ఒక్క ముక్క వదలమాకండి."

ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను. పేరు, తండ్రి పేరు, బ్రాంచి, పాసైన నెల, సంవత్సరం. అంతా విని ఆవిడ అడిగింది: "మధ్యలో ఆపేసిన సంగతి లేదే?"

"అవేమీ రాయరండి."

"రాయరా," అంది. కాసేపు కాగితం వంకే చూసి, "రాయకపోయినా నాకు తెలుసులే," అనుకుంటూ మడత పడకుండా కోడలి ఫైల్లో పెట్టింది. పద్మజ ఆవిడ చేయి పట్టుకుని బస్టాపు వైపు తీసుకెళ్లింది. ఇప్పుడు ఆ అమ్మాయి హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక బిల్డరు ఆఫీసులో ఎస్టిమేట్లు వేస్తోంది.

నాకు మెమో వచ్చింది. సర్వీసు రిజిస్టరులో చేరింది. దానికి నేను జవాబుగా రాసింది ఒక్క వాక్యం, తప్పు ఒప్పుకుంటున్నానని. ఆ తర్వాత ఏ విద్యార్థికీ, ఏ తల్లికీ ఫైలు తెరవకుండా సంఖ్య చెప్పలేదు.

ఇంకో పాఠం నేర్చుకోవడానికి కొంచెం ఎక్కువ రోజులు పట్టింది. మా రూల్స్ అన్నీ ఇంగ్లీషులో, నోటీసు బోర్డు మీద, పిల్లల కోసం రాసినవి. పిల్లను కాలేజీకి పంపాలా మాన్పించాలా అని నిర్ణయించేవాళ్లు మాత్రం ఇంట్లో ఉంటారు. వాళ్లెవరూ ఆ బోర్డు ముందుకు రారు. ఆ మరుసటి ఏడాది ఫస్టియర్ పిల్లల తల్లిదండ్రులు వచ్చే రోజున ప్రిన్సిపాల్ గారిని అడిగి ఒక పావుగంట తీసుకున్నాను. డెబ్బై అయిదు శాతమంటే నెలకు ఎన్ని రోజులు, అరవై అయిదు కంటే దిగితే ఏమవుతుంది, ఎనిమిదేళ్ల గడువంటే ఏంటి అన్నది తెలుగులో చెప్పాను. వెనక వరసలో ఒక ముసలాయన లేచి, "పెళ్లికి ఎన్ని రోజులు మానొచ్చండీ?" అని అడిగాడు. హాలంతా నవ్వింది. నేను బోర్డు మీద లెక్క వేసి చూపించాను.

రిటైరయ్యే దాకా ప్రతి ఏటా ఆ పావుగంట చెప్పాను. డిటెన్షన్లు ఆగలేదు, ఆగవు కూడా. కానీ ఆ మూడేళ్లలో ఏ తల్లీ నా కౌంటరు ముందుకొచ్చి, ఈ సంగతి మాకెవరూ చెప్పలేదండీ అని అనలేదు.