తోక లేని గింజలు

విత్తన పరీక్ష కేంద్రంలో ఆమెను అందరూ భూతద్దమ్మ అనేవారు. ఇరవై ఆరేళ్లుగా అదే బల్ల, అదే కుర్చీ, కంటికి అదే భూతద్దం. మేత జొన్న గింజల్నీ, గడ్డి జొన్న గింజల్నీ కలిపి పోస్తే మీకూ నాకూ రెండూ ఒకటే. ఆమెకు కాదు. గింజ అడుగున సన్నని కాడముక్క ఉంటుంది, దాన్నే వాళ్లు తోక అంటారు. మేత జొన్న తోక విరిచినట్టు పీచుగా ఉంటుంది. గడ్డి జొన్న తోక చివర చిన్న గిన్నెలా నున్నగా ఉంటుంది. మొదటిది పశువుల మేత. రెండోది చేలో దిగిందంటే తవ్విపోసినా చావదు, వానల్లేక గిడసబారిన దాని పిలకలు మేసిన బర్రె సాయంత్రం దాకా బతకదు.

మరి తోకే లేని గింజ? శుభ్రం చేసే యంత్రంలో కొన్నింటికి తోకలు అరిగిపోతాయి. పొట్టు ఒలిస్తే తెలుస్తుంది గానీ, ఒలిచే ఓపిక ఎవరికుంది? అలాంటివాటిని సంచి మీద ఏ పేరుంటే ఆ కుప్పలోకి తోసెయ్యడం అక్కడి వాడుక. ఏ మహానుభావుడు మొదలుపెట్టాడో. వానలకు ముందు వచ్చిన ఒక సరుకులో ముప్పాతిక గింజలకు తోకల్లేవు. ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత వాడుక ప్రకారమే తోసేసి, సంతకం పెట్టి, టీ తాగడానికి లేచింది.

ఆ విత్తనమే ఆమె తమ్ముడి చేలో పడింది. మొలిచాక వానలు మొహం చాటేశాయి. ఆ గిడసబారిన పిలకలు మేసి మూడు బర్రెలు ఒకే పూట నురగలు కక్కుతూ, కాళ్లు తన్నుకుంటూ చచ్చాయి. పక్క చేలవాళ్లవి మరో ఏడు.

మర్నాడు మధ్యాహ్నం తమ్ముడు కేంద్రంలోకి వచ్చి ఆమె చెయ్యి పట్టి లేవదీశాడు. చొక్కా నిండా రక్తం. అతనిది కాదు.

"అక్కా, నువ్వు వచ్చి ఒక్క మాట చెప్పు చాలు."

బజారులో ఆ విత్తనం అమ్మిన కొట్టాయనను సొంత షట్టరుకే కట్టేశారు. తలో చెయ్యి వేశారు, పాపం, ఎవరూ వెనకబడలేదు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. పళ్లు కొన్ని చొక్కా జేబు మీద అంటుకుని ఉన్నాయి. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులో గురగురమంటోంది. తమ్ముడు ఇనుపకడ్డీ చేతికి తీసుకున్నాడు.

"వీడు కల్తీ చేశాడని చెప్పక్కా. మిగతాది మేం చూసుకుంటాం."

"అమ్మా, లోపల ఆ సరుకుదే సీలు తియ్యని సంచి ఉంది. అది చూడండమ్మా," అన్నాడు కొట్టాయన.

సంచి తెచ్చారు. సీలు కేంద్రానిదే, చెక్కుచెదరలేదు. ఆమె అక్కడే, ఆ రక్తపు గచ్చు మీదే కూర్చుని తోక లేని పది గింజలు గోటితో ఒలిచింది. పదీ సన్నగా, నల్లెరుపుగా బయటపడ్డాయి. పదీ గడ్డి జొన్నే.

పాము చావకుండా, కర్ర విరగకుండా 'కేంద్రానికి తీసుకెళ్లి చూడాలి' అనొచ్చు. సాయంత్రానికి ఫలితం కాగితం తయారవుతుంది. అప్పటిదాకా ఆ మనిషి ఉండడు. ఆమె లేచి నిలబడింది.

"ఈయనేం కలపలేదురా. మా దగ్గరికి వచ్చినప్పుడే ఇలా ఉంది. ఒలిచి చూడకుండా మంచిదని రాసింది నేను."

వెనక నుంచి రాయి వచ్చి ఆమె కనుబొమ చీల్చింది. ఇంకొకడు జుట్టు పట్టి లాగాడు. కొట్టాయన మీదికి లేచిన కడ్డీకి అడ్డంగా ఆమె కుడిచెయ్యి చాచింది. తమ్ముడు ఆపుకోలేదో, ఆపాలనుకోలేదో, మణికట్టు ఎండుపుల్లలా విరిగింది. ఆ చప్పుడు అందరికీ వినబడింది. జుట్టు పట్టినవాడు వదిలేశాడు.

"ఎందుకు చెప్పావే," అన్నాడు తమ్ముడు. ఏడుస్తున్నాడు. "రేపు నిన్నూ ఇలాగే కట్టేస్తారు."

"పది బర్రెలు పోయినవి చాలవా? విప్పరా ఆయన్ని."

అతను కడ్డీ వదిలి ముడి మీద పడ్డాడు. పొద్దున తన బలమంతా పెట్టి తానే బిగించిన ముడి అది. రక్తంతో తడిసి వేళ్లకు చిక్కడం లేదు. మోకాళ్ల మీద కూర్చుని పళ్లతో కొరకడం మొదలుపెట్టాడు.