తెనాలి దాకా పోయిన మందలింపు

పెద్దపల్లి స్టేషన్ రోడ్డులో మా ఇంటి ముందుగదిలో మహేశ్వరి కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంటుంది. గది అద్దెకిచ్చాను గాని, పొద్దస్తమానం దాని గోడు వినే పని కూడా నా మీదే పడింది. పెండ్లి పత్రికలు, బడి పరీక్ష పేపర్లు, దశదిన కర్మ కార్డులు, ఏవైనా సరే తెలుగులో టైపు చేసి, పేజీలు పేర్చి ఇస్తుంది. గోదావరిఖని పిల్ల. తండ్రి అంకయ్య బొగ్గుబాయిలో పనిచేసి, వయసు నిండి దిగిపోయాడు. దిగిపోయినప్పుడు ఇద్దరు కొడుకులకు రెండు ఆటోలు కొనిచ్చి, బిడ్డకు మాత్రం టైపు నేర్పించాడు. ఆ మూడింటిలో ఇప్పటికీ నడుస్తున్నది ఈ టైపు ఒక్కటే.

అదీ కుంటుకుంటూ నడుస్తోంది. ఇప్పుడు పెండ్లి పత్రిక ఎవరికి వాళ్ళే ఫోన్‌లో తయారు చేసుకుంటున్నారు. దాంట్లో తప్పులుంటాయి, పెండ్లికొడుకు తండ్రి పేరు ఒక తీరు, పెండ్లికూతురి పేరు ఇంకో తీరు ఉంటాయి, అయినా పెండ్లిళ్ళు ఆగడం లేదు. మహేశ్వరి చేతిలో పని లేక కూర్చునే దినాలు ఎక్కువయ్యాయి. మొగుడు సుధాకర్ రైసుమిల్లులో పనిచేస్తాడు. ఒక చిన్న పాప. ఇల్లు నడుస్తుంది, కాని గది ఖాళీ చేసి ఇంట్లో కూర్చొమ్మని అత్తగారు రోజూ ఒకసారి అంటుంది. మహేశ్వరికి కావలసిందల్లా ఆ కుర్చీ ఉండటం. నాకు అది అర్థమవుతుంది.

పుస్తకాలు అచ్చువేసేవాళ్ళకు పేజీలు పేర్చే మనుషులు కావాలని, ఏ ఊళ్ళో ఉన్నా ఫోన్‌లోనే పని పంపుతారని ఎవరో చెప్పారు. ఇక చూడండి, హైదరాబాదు నుంచి విశాఖపట్నం దాకా ఫేస్‌బుక్‌లో దొరికిన ప్రతి పుస్తకాలాయనకూ ఒకటే కాగితం పంపింది. "గౌరవనీయులైన సార్ లేదా మేడమ్ గారికి" అని మొదలు. ఎవరూ పలకలేదు. ఒకాయన మాత్రం "నేను సార్‌నా, మేడమ్‌నా, ముందు తేల్చుకోండి" అని రాశాడు. మహేశ్వరి ఫోన్ బోర్లా పెట్టి గోడ దిక్కు చూసింది.

"పెండ్లి కార్డు గోడకతికిచ్చి పోతె ఎవలన్న వస్తరా?" అన్నాను. "ఇంటింటికి పోయి బొట్టు వెట్టి చెప్పాలె. వాళ్ళ పోరలెట్లున్నరు, బర్రె ఈనిందా, గవన్ని అడిగి ఆఖర్న పెండ్లి ముచ్చట తియ్యాలె."

"వాళ్ళకు బర్రెలుండయి పెద్దవ్వా."

"పుస్తకాలుంటయి గద. అవే అడుగు."

అది నవ్వింది గాని మాట పట్టుకుంది. ఒక్కొక్కరి పుస్తకం తెప్పించుకుని చదివి, అందులో తనకు ఏం నచ్చిందో రాయడం మొదలుపెట్టింది. అట్లా పలికినవాళ్ళలో తెనాలిలో ఉండే రామలింగస్వామిగారు ఒకరు. చిన్నపిల్లల కథల పుస్తకాలు అచ్చువేస్తారు. ఆయన పుస్తకంలో ఒక పిల్లి బొమ్మ పేజీ చివర తోక తెగిపోయి అచ్చయిందట. మహేశ్వరి అది చూసి, "పిల్లి తోక ఎక్కడ పోయిందని మా పాప అడుగుతోంది సార్" అని రాసింది. ఆయన నవ్వుకుని, ఆ తోక సంగతి అచ్చాఫీసు వాళ్ళను అడగాలని జవాబిచ్చారు. ఆ తర్వాత అప్పుడప్పుడు మాట్లాడుకునేవాళ్ళు. వాళ్ళ ఊళ్ళో వాన పడిందా, మా దగ్గర నాట్లయ్యాయా, ఇట్లాంటివి. ఒకరోజు ఆయనే, "ఎండాకాలం తర్వాత ఒక పెద్ద పుస్తకం ఉంది, మీకు ఇద్దామనుకుంటున్నాను" అన్నారు. మహేశ్వరి ఆ రోజు మా ఇంటికి మిర్చీ బజ్జీలు పట్టుకొచ్చింది. అత్తగారికి కూడా రెండు పంపింది.

తర్వాత కొన్నాళ్ళకు ఆయన భార్య పోయింది. ఆ సంగతి ఆయనే ఫేస్‌బుక్‌లో రాసుకున్నారు. ఛాతీలో బరువుగా ఉందని ఆమె పొద్దున చెబితే, పుస్తకం అచ్చుకు పోయే రోజు కనుక సాయంత్రం డాక్టరు దగ్గరకు వెళ్దామన్నారట. సాయంత్రం దాకా ఆమె ఆగలేదు. మహేశ్వరి అది నాకు చదివి వినిపించింది. నేను వంకాయలు కోస్తున్నాను, కత్తిపీట పక్కకు జరిపాను.

"మందలియ్యాలె గదనే" అన్నాను.

మా దగ్గర ఒక ఇంట్లో చావయితే తెలిసినవాళ్ళు వెళ్ళి మందలిస్తారు. వాళ్ళ దగ్గర కూర్చుని, ఎట్లయిందని అడిగి, వాళ్ళు చెప్పేది విని, లేచి వస్తారు. ఊరికే కనిపించినవాణ్ణి బాగున్నావా అని పలకరించినా అది మందలించడమే. తెనాలికి బస్సెక్కి పోలేదు గనుక మహేశ్వరి ఫోన్‌లోనే రాసింది. రాసి, పంపి, తర్వాత నాకు చదివింది.

"సార్, మేడం గురించి చదివిన. చాలా బాధయింది. మిమ్మల్ని మందలించకుండా ఉండలేకపోయిన. ఇంత దూరం నుంచి మందలిస్తున్నందుకు ఏమీ అనుకోకండి. దగ్గర ఉంటే ఇంటికి వచ్చి మందలించేదాన్ని. పుస్తకం పనికి తొందర లేదు, మీకు వీలైనప్పుడే."

నాకు మంచిగానే అనిపించింది. ఆఖరి మాట ఒక్కటే కొంచెం గొంతులో అడ్డం పడింది, అయినా అప్పుడేమీ అనలేదు.

మరునాడు జవాబు వచ్చింది. "మీరు మందలించడం న్యాయమే. నేను అందుకు తగినవాణ్ణే." అంతే. ఎప్పుడూ పేరు పెట్టి, గారు తగిలించి రాసే మనిషి.

"మంచిగనే రాసిండు" అన్నాను నేను. "తగినోణ్ణే అంటుండు. అంటె మనల్ని ఇంటోళ్ళ లెక్క చూసుకున్నడు."

"గంతే అంటవా?" అంది మహేశ్వరి. దాని మొఖంలో ఏదో సందేహం. కాని దుఃఖంలో ఉన్న మనిషి పొడి మాటకు అర్థాలు తీయగూడదని ఇద్దరం ఊరుకున్నాం.

ఆ వారంలోనే గంగయ్య సారు ఆరో తరగతి తెలుగు పరీక్ష పేపరు టైపు చేయమని ఇచ్చిపోయాడు. మధ్యాహ్నం నేను గడపలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతున్నాను. లోపల టకటకలాడుతున్న చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ మొదలవుతుందేమోనని చూశాను. మొదలు కాలేదు. తొంగిచూస్తే, మహేశ్వరి రెండు చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర దిక్కు చూస్తోంది.

"ఏమైందే, కరెంటు వోయిందా?"

"పెద్దవ్వా, ఇటు రా."

పోయాను. నాకు చదువు కూడబలుక్కుని వస్తుంది. తెర మీద ఉన్నది చదివాను. సరైన అర్థాన్ని గుర్తించండి. మందలించు. కింద మూడు మాటలు. దీవించు, కోప్పడు, దాచిపెట్టు.

"ఇందుల పలకరిచ్చుడు లేదేంది?" అన్నాను.

"ఉండది. పుస్తకంల మందలిచ్చుడంటె తిట్టుడే. తప్పు చేసినోణ్ణి గట్టిగ అనుడు." తెర మీది ఆ మాట మీద వేలు పెట్టింది. "వాళ్ళ దిక్కు అందరికి గదే ఎరుక."

"నీకు ముందుగాల తెల్వదా?"

"తెల్వకేంది? ఎన్ని కథలు టైపు చేసిన, ఎన్నిసార్లు తండ్రి కొడుకును మందలించాడని కొట్టిన. సావు ముచ్చట రాస్తుంటె చేతికి మన మాట వచ్చింది. అప్పుడు గది ఒక్కటే మాట లోకంల ఉన్నట్టు అనిపిచ్చింది."

నేను స్టూలు మీద కూర్చున్నాను. మేము పంపింది ఆయన ఎట్లా చదివి ఉంటారో ఒక్కో మాటా అప్పుడు నాకు తిరగబడి కనిపించింది. భార్య పోయిన మనిషికి, ఆమెను దవాఖానాకు తీసుకుపోలేదని తనను తానే తిట్టుకుంటున్న మనిషికి, మిమ్మల్ని తిట్టకుండా ఉండలేకపోయాను, దగ్గర ఉంటే ఇంటికొచ్చి తిట్టేదాన్ని అని పెద్దపల్లి నుంచి ముఖం తెలియని ఆడమనిషి రాసింది. ఆయన తలవంచుకుని, నేను తగినవాణ్ణే అన్నారు. దాని మీద మేము ఇంటివాళ్ళ లెక్క చూసుకున్నాడని మురిసిపోయాం.

మహేశ్వరి కొంగుతో ముఖం కప్పుకుంది. ఏడుపు కాదు. ఎవరికీ కనిపించకూడదన్నట్టు.

"ఇప్పుడే రాయి. గిట్ల గాదు సార్, మా దిక్కు గిట్లంటం అని చెప్పు."

"ఏ మొఖం వెట్టుకుని రాయాలె?"

"తప్పు మాటది. నీది గాదు."

నిజానికి నాకు ఆ మాట మీద కోపం రాలేదు. మా తాత ముత్తాతలు వాడిన మాట. ఎవరి పుస్తకంలోనో లేనంత మాత్రాన అది తప్పెట్లా అవుతుంది? పది మందిలో అంటాను నేను ఆ మాట. కాని మహేశ్వరి తల ఎత్తలేదు.

"మాట కాడ్నే ఆగితె బాగుండు పెద్దవ్వా. ఆఖర్న ఏం రాసిన్నో చూసినవా?"

చూశాను. వినీ ఉన్నాను. పుస్తకం పనికి తొందర లేదు, మీకు వీలైనప్పుడే.

దగ్గర మనిషి కనుక కొట్టినట్టే అడిగాను. "నువ్వు మందలియ్య వోయినవా, పనడగ వోయినవా?"

గంగయ్య సారు పేపరు ఫ్యాను గాలికి లేచిపోతుంటే మహేశ్వరి దాని మీద చెయ్యి పెట్టి ఆపింది.

"రెండిటికి" అంది. "మందలియ్యకుంటె మరిచిపోతడేమో అనిపిచ్చింది. ఇంకోలకు ఇస్తడేమో అనిపిచ్చింది. మేడం ఫొటో చూసి ఏడిసిన మాట నిజమే. ఏడ్సుకుంటనే ఆ ముక్క రాసిన."

నేను బొట్టు పెట్టి పిలవమన్నాను, పుస్తకాలు అడగమన్నాను. శవం పక్కన కూర్చుని పత్రిక పంచమనలేదు. అది నోటి దాకా వచ్చింది. దాని ముఖం చూసి మింగాను. నా నోరు ఊళ్ళో అందరికీ ఎరుకే, ఆ ఒక్కసారి మింగాను.

రాస్తే మళ్ళీ ఏ మాట తిరగబడుతుందోనని భయపడి, మహేశ్వరి ఫోన్‌లో తన గొంతుతోనే చెప్పి పంపింది. తలుపు దగ్గరికి వేసింది గాని, నన్ను బయటికి పొమ్మనలేదు. "సార్, నేను మహేశ్వరిని. మా దిక్కు మందలిచ్చుడంటె సావయిన ఇంటికి వోయి పలకరిచ్చుడు. మిమ్మల్ని తిట్టుడు గాదు సార్. తిట్టెటంత దాన్ని గాను. ఇంకోటి, ఆఖర్ల పుస్తకం ముచ్చట రాసిన. గది రాయకుండ ఉండవలసింది. గది మాత్రం మా దిక్కు గూడ తప్పే. క్షమించుండ్రి." అంతే చెప్పి వేలు తీసేసింది. ఫోన్‌ను కొంగుకు తుడిచింది.

ఆయన విన్నట్టు నీలం గుర్తులు వచ్చాయట. జవాబు రాలేదు. మహేశ్వరి రోజూ గది తెరిచింది గాని, వచ్చినవాళ్ళతో కళ్ళు కలపకుండా పని ఇచ్చి పంపించింది. ఇంకెవరికీ కొత్తగా రాయలేదు. గది ఖాళీ చేస్తానని నాతో ఒకసారి అంది. నీ ఇష్టం అన్నాను, కాని తాళం చేతికి తీసుకోలేదు.

ఒక మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేశారు. పేరు చూసి మహేశ్వరి లేచి నిలబడింది, ఆయన గదిలోకి వచ్చినట్టు. తొందరలో స్పీకరు నొక్కిందేమో, ఆయన గొంతు నాకూ వినిపించింది.

"మహేశ్వరి గారూ, మీరు చెప్పింది విన్నానమ్మా. నాలుగు రోజుల నుంచి మళ్ళీ మళ్ళీ వింటున్నాను."

"సార్, తప్పయింది సార్."

"అది కాదు. ఇక్కడ అందరూ నన్ను ఊరుకోబెడుతున్నారు. మీ తప్పేం లేదు, రాత అలా ఉంది అంటున్నారు. ఒక్కరు, ఎక్కడో ఉన్న మనిషి, మొహం మీద తిట్టారు కదా అనుకున్నాను. అది నాకు కాస్త ఊరటగానే ఉండింది. ఇప్పుడు మీరు అదీ కాదంటున్నారు."

మహేశ్వరి నా దిక్కు చూసింది.

"మీ వైపు మందలించడానికి వచ్చినవాళ్ళు ఏమంటారమ్మా?" అని ఆయనే అడిగారు.

"ఏమనం సార్. ఎట్లయింది అని అడుగుతం."

"అంతేనా?"

"గంతే సార్. ఇగ వాళ్ళే చెప్తరు."

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. పొద్దున ఆమె కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టిందట. ఛాతీ బరువని చెబుతూనే, కుర్చీ మీద ఉన్న అచ్చుకాగితాలు కింద పడకుండా సర్దిందట. ఆయన తల ఎత్తకుండానే సాయంత్రం వెళ్దామన్నారట. "తల ఎత్తలేదమ్మా" అని మళ్ళీ అన్నారు. చెప్పిందే చెప్పారు, మధ్యలో ఆగారు, మళ్ళీ కాఫీ దగ్గరకు వెళ్ళారు. మహేశ్వరి "ఆ, సార్", "ఆ, సార్" అంటూ నిలబడే విన్నది. పరీక్ష పేపర్ల కోసం వచ్చిన మనిషిని నేను బయటే ఆపి పంపించేశాను.

అంతా అయ్యాక ఆయన గొంతు సవరించుకున్నారు. "ఆ పుస్తకం పని మీకే పంపిస్తానమ్మా. ఇంకెవరికీ ఇవ్వలేదు."

నేను చెయ్యి ఊపి సైగ చేశాను, పట్టుకొమ్మని. ఆ కుర్చీ నిలవాలంటే ఆ పనే కావాలి. మహేశ్వరి నన్ను చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇప్పుడు అద్దు సార్. సావింటికి పోయినోళ్ళం ఏం పట్టుకరాం."

"నేను జాలితో ఇవ్వడం లేదమ్మా."

"నాకెరుక సార్. నాకే సిగ్గయితది. ఇంకోలకు ఇయ్యుండ్రి. తర్వాత ఎప్పుడన్న నేనే పనికోసమని రాస్త. అప్పుడు ఉట్టి పని ముచ్చటే రాస్త."

ఆయన ఇంకేదో అనబోయి ఆగారు. మహేశ్వరి కొంచెం తడబడి, "సార్, మళ్ళ తప్పు పట్టుకోకుండ్రి. మా దిక్కు మందలిచ్చినోళ్ళు లేచేటప్పుడు పోయొస్తమని చెప్పరు. నేను గట్లనే పెట్టేస్తున్న" అంది.

"మా వైపూ చెప్పరమ్మా" అన్నారాయన.

మహేశ్వరి ఆ మాట పూర్తిగా విని, ఇంకేమీ అనకుండా ఫోన్ పెట్టేసింది.