డెరిక్ చేతికి కుదిర్చిన కారు

హెడ్లీ క్రాఫ్ట్ పదిహేడో ఏట బంగాళాదుంపలు తవ్వే యంత్రాలు బాగుచేసే షెడ్డులో చేరాడు. ఏభై దాటినా అదే షెడ్డు, అదే బల్ల, అదే కిటికీ. ఆ కిటికీలోంచి చూస్తే లింకన్‌షైర్ పొలాలు ఆకాశం అంచుదాకా చదునుగా పరుచుకుని ఉంటాయి. సముద్రం మీంచి వచ్చే గాలికి దారిలో అడ్డుపడేది ఏదీ ఉండదు. పెళ్ళి చేసుకోలేదు. వద్దనుకుని కాదు. అడగాల్సిన మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది, ఈలోగా ఆ అమ్మాయి ఇంకెవరినో చేసుకునేది. రెండుసార్లు అలా జరిగాక ఇక ఆ ఊసెత్తలేదు.

మాటలు అంతగా రాని ఈ మనిషికి చాలా ఏళ్ళపాటు ఒకే ఒక్క స్నేహితుడుండేవాడు. పేరు డెరిక్ మంబీ. సంత వీధిలో మాంసం కొట్టు అతనిది. పెద్ద పొట్ట, పెద్ద గొంతు, వచ్చిన ప్రతివాళ్ళతోనూ పరాచికాలు. సాసేజీలకి మాంసం రుబ్బే మిషను ఆగిపోయిందని కబురు పెడితే హెడ్లీ వెళ్ళి బాగుచేశాడు. చేతులు తుడుచుకుంటుంటే డెరిక్ అతన్ని పెరట్లోకి తీసుకెళ్ళి ఒక తార్పాలిన్ ఎత్తి చూపించాడు. దాని కింద ఎర్రటి చిన్న పందెపు కారు, జినెట్టా కంపెనీది. ఇద్దరు ఇరుక్కుని కూర్చునేంత. ఇంజిన్ వెనక ఉంటుంది. ఎత్తు హెడ్లీ నడుము దాకా కూడా లేదు.

"ఆదివారాలు పందేనికి తీసుకెళ్తుంటా. తిన్నగా పోనంటోందయ్యా. నా కొట్టు ముందు కుక్కలా ఎటు వాసనొస్తే అటు తిరుగుతోంది" అన్నాడు డెరిక్.

హెడ్లీ మోకాళ్ళ మీద కూర్చుని కింద చూశాడు. లేచేసరికి చీకటి పడింది. అప్పటినుంచి ఆ కారు ఇద్దరిదీ అయింది. నడిపేది డెరిక్, కుదిర్చేది హెడ్లీ.

స్కార్త్‌బీ దగ్గర యుద్ధకాలంలో విమానాలు దిగిన మైదానం ఉంది. ఆ కాంక్రీటు మీదే పందెపు దారి వేశారు. వసంతం నుంచి ఆకులు రాలేదాకా అక్కడ పాతకాలపు కార్ల పోటీలు జరుగుతాయి. వచ్చేవాళ్ళంతా డెరిక్‌లాంటి వాళ్ళే: పంటి డాక్టరు, ప్లంబరు, బడి పంతులు. గెలిస్తే ఓ చిన్న కప్పు, ఓడితే బేకన్ పెట్టిన రొట్టె, టీ. ఆ రొట్టెల్లోకి బేకను డెరిక్ కొట్టునుంచే వచ్చేది కాబట్టి అక్కడ అతన్ని ఎరగనివాళ్ళు లేరు.

పందెం ముందురోజు హెడ్లీ గరాజులో తూకం వేసేవారు. నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు. నడిపేవాడు సీట్లో కూర్చుంటేనే ఏ చక్రం మీద ఎంత బరువు పడుతోందో తెలుస్తుంది. అందుకని డెరిక్ హెల్మెట్‌తో సహా లోపల కూర్చుని పేపరు చదువుతూ, పంది మాంసం కూరి కాల్చిన పోర్క్ పై తినేవాడు. హెడ్లీ కింద పడుకుని ఒక్కో స్ప్రింగు బిగింపు కొంచెం కొంచెంగా తిప్పేవాడు.

"ఆ పోర్క్ పై కింద పెట్టరా, తూకం మారుతోంది."

"చేతిలో ఉన్నా కడుపులో ఉన్నా నా బరువేగా. నీ పని నువ్వు చూసుకో."

మర్నాడు పందెం అయ్యాక డెరిక్ తిరగేసిన డబ్బా మీద కూలబడి చెప్పేవాడు. "కోళ్ళఫారం మలుపులో వెనక చక్రాలు నన్ను దాటి ముందుకెళ్ళిపోదామని చూశాయిరా. ఆగండే, నేనూ వస్తున్నా అన్నాను." అది విని హెడ్లీ నవ్వేవాడు. తర్వాత ఆ మాటల్ని మనసులో తిప్పుకుని, స్పానర్ తీసి, వెనక ఓ పావు చుట్టు మార్చేవాడు. డెరిక్‌కి కారు తోక ఊపుతూ పోతేనే ఇష్టమని అతనికి అర్థమైంది. ఏడాదికేడాది దాన్ని ఇంకాస్త వదులు చేస్తూ వచ్చాడు. కుదిరిన చోట బిగింపుల మీద పసుపు పెయింటుతో గీత పెట్టేవాడు, మళ్ళీ కదిలితే తెలిసేలా.

"ఎలా ఉంది?" అని అడిగేవాడు.

"బ్రహ్మాండం" అనేవాడు డెరిక్.

తర్వాత డెరిక్ ఎడమ కన్ను చూపు మందగించింది. మొదట ఎవరికీ చెప్పలేదు. పోటీ లైసెన్సు కోసం పరీక్ష చేసిన డాక్టరు కుదరదనేశాడు. ఆ సంగతి హెడ్లీకి కొట్లో, గల్లాకి అటు నిలబడి, మాంసం కోస్తూ చెప్పాడు.

"కారు నీ గరాజులోనే ఉందిగా. ఉంచేసుకో."

"మరి నువ్వు?"

"కంచె బయట నిలబడి చూడమంటావా? నావల్ల కాదురా."

ఆ తర్వాత హెడ్లీ శనివారాలు కొట్టుకి వెళ్ళేవాడు. "ఏరా, ఎలా ఉన్నావ్?" అనేవాడు డెరిక్. "బాగానే ఉన్నా" అనేవాడు హెడ్లీ. ఇక ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచేది కాదు. ఇన్నేళ్ళూ తాము మాట్లాడుకున్నదంతా ఆ కారు గురించేనని హెడ్లీకి అప్పుడు తెలిసొచ్చింది. ఇల్లూ, ఒళ్ళూ, వాతావరణం గురించి ఎలా మాట్లాడుకోవాలో వాళ్ళకి అలవాటే కాలేదు. వెనక క్యూలో ఉన్నవాళ్ళు దగ్గేవారు. డెరిక్ "సాసేజీలా?" అనేవాడు. హెడ్లీ తలూపి, పొట్లం తీసుకుని వచ్చేసేవాడు. ఒక్కడికి అన్ని సాసేజీలు ఎక్కువ. మూడు రోజులు అవే తినేవాడు.

చలికాలమంతా ఎర్ర కారు కదలకుండా పడుంది. వసంతం రాగానే హెడ్లీ ఎవరికీ చెప్పకుండా డ్రైవింగు శిక్షణకి వెళ్ళి పోటీ లైసెన్సు తెచ్చుకున్నాడు. తన వయసుకి అది వెర్రి పనని అతనికీ తెలుసు. కానీ ఆదివారం పొద్దున్నే ఎక్కడికీ వెళ్ళక్కర్లేదన్న ఆలోచన అంతకంటే భరించరానిదిగా ఉంది.

స్కార్త్‌బీలో మొదటి పందెం. జెండా పడింది, తక్కిన కార్లు దూసుకుపోయాయి. కోళ్ళఫారం మలుపులో హెడ్లీ భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు ఎత్తాడు. అంతే, కారు బొంగరంలా గిర్రున తిరిగి గడ్డిలోకెళ్ళి, వచ్చిన దారివైపు మొహం పెట్టి ఆగింది. తర్వాత వచ్చినవాళ్ళు చేతులూపుతూ పక్కనుంచి పోయారు. ఆ వేసవంతా అదే తంతు. పందెం ఏదైనా అతను ఆఖరివాడు, లేదా గడ్డిలో.

"మీ కసాయాయన రాలేదా?" అని టీ బండి దగ్గర అడిగేవారు.

"రాలేదు."

"ఆయనుంటే సందడిగా ఉండేదయ్యా" అని నిట్టూర్చి, అతని కప్పు అతనికిచ్చేవారు.

పక్కన బండి నిలుపుకునే షీలా రాగ్ ఓ రోజు ఊరుకోలేకపోయింది. ఆవిడ రిటైరైన నర్సు. నీలం రంగు ట్రయంఫ్ కారు నడిపేది, మొహమాటమన్నది ఎరగదు.

"ఏమయ్యా హెడ్లీ, ఇంకొకడి బూట్లు తొడుక్కుని పరిగెత్తితే పడక ఏమవుతావ్? ఆ కారు నీది కాదు. మార్చుకో."

"కారు సరిగ్గానే ఉంది."

"ఎవరికి సరిగ్గా ఉంది?"

హెడ్లీకి కోపం వచ్చింది. అంత కోపం అతనికి ఏళ్ళ తరబడి రాలేదు. చేతిలో టీ నేల మీద పారబోసి, ట్రైలర్ మీద కారెక్కించి, రెండో పందెం ఉన్నా ఇంటికెళ్ళిపోయాడు. దారిలో కోపం దిగిపోయింది. ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. ఆ కారులో డెరిక్ ఉన్నాడు. అతని చేతుల దూకుడు, అతని ధైర్యం, అతని బరువు అన్నీ ఆ బిగింపుల్లో ఉన్నాయి. వాటిని తిప్పేస్తే డెరిక్ ఇక మిగలడు. మనిషి నాలుగు వీధుల అవతల మాంసం కొట్టుకుంటూనే ఉన్నాడు, అయినా హెడ్లీకి అలా అనిపించింది.

క్రిస్మస్ దాటాక, పొలాల మీద మంచు పట్టిన ఒక ఆదివారం మధ్యాహ్నం, అతను కాటాలు తీశాడు. అప్పుడుగాని అసలు చిక్కు తెలియలేదు. తూకం చూడాలంటే నడిపేవాడు సీట్లో ఉండాలి. బిగింపు తిప్పాలంటే ఎవరో ఒకరు కింద ఉండాలి. తను ఒక్కడే. సీట్లో కూర్చుని అంకె చూసుకునేవాడు, దిగి కింద దూరేవాడు, తిప్పేవాడు, మళ్ళీ ఎక్కేవాడు. దిగిన ప్రతిసారీ కారు పైకి లేచి లెక్కంతా తప్పేది. ఎవరినైనా పిలుద్దామని ఫోను దగ్గరికి వెళ్ళాడు. డెరిక్‌ని పిలవలేడు. ఇంకెవరున్నారో గుర్తు రాలేదు. కాసేపు నిలబడి వెనక్కి వచ్చాడు.

షెడ్డునుంచి బంగాళాదుంపలు తెచ్చి, తన బరువంత వచ్చేదాకా బస్తాలు నింపాడు. సీట్లో ఒకదాని మీద ఒకటి పేర్చి బెల్టు బిగించాడు. దూరంగా జరిగి చూస్తే భుజాలు వంగిపోయిన మనిషెవరో వెనక్కి వాలి కూర్చున్నట్టుంది. 'నేనిలాగే ఉంటానేమో' అనుకున్నాడు. డెరిక్ కూర్చుంటే కారు ఒకవైపు ఒరిగిపోయేది. ఈ బస్తాలకి అంతగా ఒరగలేదు.

కింద పడుకుని పసుపు గీత మీద స్పానర్ పెట్టాడు. చాలాసేపు తిప్పలేదు. తర్వాత తిప్పాడు. ఎండిన పెయింటు పెళుసుగా పగిలి మొహం మీద రాలింది. వెనక భాగాన్ని కాస్త దించాడు, ముందు స్ప్రింగులు మార్చాడు, చక్రాల వంపు తగ్గించాడు. చీకటి పడేవేళకి అన్నీ అయ్యాయి. కొత్తచోట గీతలు పెట్టడానికి పెయింటు డబ్బా తీశాడు కానీ, ఎందుకో పెట్టబుద్ధి కాలేదు.

వసంతంలో మొదటి పందెం. కోళ్ళఫారం మలుపు రాగానే అలవాటుగా ఒళ్ళంతా బిగుసుకుంది. కారు మాత్రం తొణక్కుండా, చెప్పినచోటికి చెప్పినట్టు తిరిగింది. హెడ్లీకి నమ్మకం కుదరలేదు. మళ్ళీ వచ్చినప్పుడు కాస్త వేగంగా వెళ్ళాడు. మళ్ళీ తిరిగింది. ఆఖరి చుట్టులో ముందున్న కారుని దాటాడు. తన జీవితంలో పందెంలో ఒకణ్ణి దాటడం అదే మొదలు. పదకొండో స్థానం.

తిరిగొచ్చి తన చోట బండి ఆపాడు. ఇంజిన్ ఆగింది. హెల్మెట్ తియ్యకుండా అలాగే కూర్చున్నాడు. ఇప్పుడు ఎవరో ఒకరు వచ్చి "ఎలా ఉంది?" అని అడగాలి. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న తనే అడిగాడు. చుట్టూ అందరూ ఎవరి బండి దగ్గర వాళ్ళు, ఎవరివాళ్ళతో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. షీలా తన కారు గేరుబాక్సు పాడై ఆ రోజు రాలేదు. హెడ్లీ లోపలే మెల్లగా, "బావుంది" అన్నాడు. హెల్మెట్‌లో తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

సాయంత్రం ట్రైలర్‌తోనే డెరిక్ ఇంటికెళ్ళాడు. ముందుగా చెప్పకుండా ఒకరింటికి వెళ్ళడం అతని వంటికి పడని పని. డెరిక్ భార్య పౌలీన్ తలుపు తీసి, ఏమీ అడక్కుండా టీ పెట్టింది. డెరిక్ వంటింట్లో బల్ల దగ్గరున్నాడు. చిక్కిపోయాడు. ఎడమవైపు వచ్చినవాళ్ళని చూడ్డానికి మెడంతా తిప్పుతున్నాడు.

"పదకొండో స్థానం వచ్చింది" అన్నాడు హెడ్లీ.

"ఎన్ని కార్లలో?"

"పద్దెనిమిది."

"మార్చావా?"

హెడ్లీ కప్పులోకి చూస్తూ, "మార్చాను. అన్నీ" అన్నాడు.

"అమ్మయ్య" అన్నాడు డెరిక్.

"అమ్మయ్య ఏంట్రా?"

"చచ్చేంత భయమేసేదిరా నాకు దాంతో. కోళ్ళఫారం మలుపు రాబోతుంటే ప్రతిసారీ పౌలీన్ గుర్తొచ్చేది."

హెడ్లీ తలెత్తాడు. "మరి బ్రహ్మాండం అనేవాడివిగా! ప్రతిసారీ!"

"ఏమనమంటావ్? వెనక చక్రాలు జారాయని చెబితే నవ్వేవాడివి. ఏడాది మొత్తమ్మీద నువ్వు నవ్వేది అప్పుడు మాత్రమే. నీకు కారు అలా ఉంటేనే ఇష్టమనుకున్నా. నీ సరదా ఎందుకు చెడగొట్టడమని ఊరుకున్నా."

"నేను నవ్వింది కారుకి కాదురా" అన్నాడు హెడ్లీ. "నువ్వు చెప్పే తీరుకి."

పౌలీన్ స్టవ్ దగ్గరనుంచి ఇటు తిరిగి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "బావుంది సంబడం. ఇద్దరికిద్దరూ సరిపోయారు" అంది. డెరిక్ పకపకా నవ్వాడు, కళ్ళవెంట నీళ్ళు వచ్చేదాకా. హెడ్లీ కూడా నవ్వాడు. నవ్వుతూనే వీడ్కోలు చెప్పి బయటికొచ్చాడు.

వ్యానులో కూర్చున్నాక నవ్వు పోయింది. ఈ భూమ్మీద తనకి బాగా తెలిసిన మనిషి ఒక్కడుంటే వాడు డెరిక్ అనుకున్నాడు. వాడి మనసు చదివి ఒక్కో పావు చుట్టూ తిప్పాననుకున్నాడు. తీరా చూస్తే ఒకరి కోసం ఒకరు, ఇద్దరికీ అక్కర్లేని కారుని తయారుచేసుకున్నారు. అందులో ప్రేమే తప్ప దురుద్దేశం ఎవరికీ లేదు. అయినా గుండెలో ఏదో ఖాళీగా అనిపించింది. తాళం తిప్పడానికి చాలాసేపు పట్టింది.

వచ్చే పందేనికి రమ్మంటే డెరిక్ "వస్తాలేరా" అన్నాడు. రాలేదు. హెడ్లీ మళ్ళీ అడగలేదు. శనివారాలు కొట్టుకి వెళ్తూనే ఉన్నాడు. ఇప్పుడు డెరిక్ పొట్లం కడుతూ, "మలుపు ఎలా ఉంది?" అని ఒక మాట అడిగేవాడు. హెడ్లీ ఒక మాట చెప్పేవాడు. క్యూ ముందుకి కదిలేది.

అతను ఇంకా కొన్నేళ్ళు పందేలు నడిపాడు. ఎక్కువసార్లు మధ్యలో వచ్చేవాడు, ఒకసారి ఆరో స్థానం కూడా వచ్చింది. గడ్డిలోకి వెళ్ళడం మాత్రం మానేశాడు. కొత్తగా వచ్చినవాళ్ళు తమ కారు ఎందుకు కుదరడంలేదో అడిగితే కింద దూరి చూసేవాడు కానీ, స్పానర్ పట్టేముందు "నిజం చెప్పండి, నడుపుతుంటే మీకెలా ఉంది?" అని రెండుమూడుసార్లు అడిగేవాడు. వాళ్ళకి అది చాదస్తంగా తోచేది.

ఒక నవంబరులో, పందేలు ముగిశాక, సాధన కోసం స్కార్త్‌బీ వెళ్ళాడు. పొగమంచుకి ఇంకెవరూ రాలేదు. మంచు కాస్త విడగానే ఒక్కడే దారి మీదికి వెళ్ళి పెట్రోలు అయిపోవచ్చేదాకా తిరిగాడు. దూరంగా గుడిసె దగ్గర నారింజరంగు కోటు తొడుక్కున్న జెండా మనిషి ఒకడు నిలబడి ఉన్నాడు. ఎవరో తెలియదు, మొహం కనబడదు. హెడ్లీ అటు వచ్చిన ప్రతిసారీ అతను చెయ్యి ఎత్తాడు. హెడ్లీ స్టీరింగ్ వదలకుండా వేలొకటి పైకి లేపి, మలుపు తిరిగి, మళ్ళీ మంచులోకి వెళ్ళిపోయాడు.