ఏడు లివర్ల తాళం

ఆ కాలంలో జగ్గయ్యపేటలో మా వీధికి దొంగ వచ్చిన దాఖలా ఒక్కటీ లేదు గానీ, దొంగల భయం మాత్రం ఇంటింటా ఉండేది. బీరువా ఉన్నవాళ్లకి బీరువా, లేనివాళ్లకి చింతపండు జాడీ. మా అమ్మ బంగారు నానుతాడు ఎప్పుడూ ఆ జాడీ అడుగునే ఉండేది. (ఆ సంగతి వీధి మొత్తానికీ తెలుసు.) నాకప్పుడే నందిగామలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఉద్యోగంతో పాటు తెలివి కూడా వచ్చిందనుకున్నాను, అదీ నా ఖర్మ. నందిగామ నుంచి ఏడు లివర్ల ఇత్తడి తాళం మోసుకొచ్చి, ఇక ఇల్లు వదిలి ఎక్కడికైనా నిశ్చింతగా వెళ్లవచ్చని ఇంటిల్లిపాదికీ ఉపన్యాసం ఇచ్చాను.

ఆ ధైర్యంతోనే అందరం పెనుగంచిప్రోలు తిరునాళ్లకి వెళ్లాం. నాయనమ్మ రెండు రోజులు మేనత్త ఇంట్లో ఉంటానంటే అక్కడే వదిలి, మిగతావాళ్లం మధ్యాహ్నం బస్సుకి తిరిగొచ్చాం. వచ్చేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. తాళం వేసింది వేసినట్టే ఉంది. దాని బరువుకి, చెదలు తిన్న ద్వారబంధంలోంచి కొక్కెమే ఊడొచ్చి, తాళంతో సహా తలుపుకి వేలాడుతోంది. గుమ్మం బయట బుల్లక్క కూర్చుని ఉంది. పదేళ్లుగా మా ఇంట్లో అంట్లు తోమేది ఆమే.

"తలుపు తీసుంటే భయమేసింది బాబూ. పొద్దుట్నుంచీ ఇక్కడే కూర్చున్నా. లోనికి కాలు పెట్టలా" అంది.

అమ్మ పరుగున వెళ్లి జాడీలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. నానుతాడు లేదు. అమ్మ అక్కడే కూలబడింది, నాన్న తల పట్టుకున్నాడు. నాకు మాత్రం నా తాళం పరువు పోయిందన్న మంటే ఎక్కువగా ఉంది. ఆ మంటంతా బుల్లక్క మీదికి తిప్పాను. పక్కింటివాళ్లకైనా చెప్పకుండా కాపలా ఎందుకు కాశావని నిలదీశాను. అంతటితో ఆగానా!

"ఆ కొంగు ముడి విప్పు" అన్నాను.

వీధి వీధంతా చూస్తోంది. ఆమె నా మొహంలోకి ఒక్కసారి చూసి, ముడి విప్పి కొంగు దులిపింది. రెండు వక్క ముక్కలు, మడిచిన తమలపాకు కింద పడ్డాయి. అవి ఏరుకోకుండానే వెళ్లిపోయింది. మళ్లీ మా ఇంటికి రాలేదు.

మూడో రోజున నాయనమ్మ వచ్చింది. కాళ్లు కడుక్కోకముందే రొంటిన దోపుకున్న గుడ్డసంచి తీసి అమ్మ ఒళ్లో వేసింది. అందులో నానుతాడు.

"వీడి తాళాన్ని నమ్మి బంగారం ఇంట్లో వదిలిపోవటానికి నేనేమన్నా పిచ్చిదాన్నా?" అంది.

ఎవరూ నవ్వలేదు. బుల్లక్కకి చెప్పి వస్తానన్నాను. ఇప్పుడు చెబితే నలుగురిలో మనమే పలచనైపోతామన్నాడు నాన్న. జన్మలో ఏ పెద్దవాళ్ల మాటా నేనంత తొందరగా వినలేదు. ఆ తర్వాత వీధిలో ఎవరూ ఆమెని గుమ్మం ఎక్కనివ్వలేదు. మిరప కోతలకి పోతోందని విన్నాను.

కొన్నాళ్లకి ఒక పొద్దున నందిగామలో బస్సు దిగి నడుస్తుంటే వెనక నుంచి పిలుపు. బుల్లక్క. (అదే బస్సులో ఉందని నాకు తెలియదు అనాలని ఉంది. తెలుసు.) నేను మర్చిపోయిన క్యారేజీ సంచి కిటికీలోంచి అందిస్తోంది.

"చూసుకోండి బాబూ, అన్నీ ఉన్నయ్యో లేదో" అంది.

గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది. నానుతాడు దొరికిందన్న ఒక్క ముక్క నా నోట రాలేదు, బస్సు కదిలిపోయింది.

ఆ తాళం ఇప్పటికీ నా దగ్గరుంది, ఒక్క లివరూ చెడలేదు. దాన్ని చంటిపిల్లాడిలా చంకనేసుకుని ఠీవిగా ఇంటికొచ్చిన ఆ కుర్ర గుమాస్తాని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ రోజు బస్సు మలుపు తిరగ్గానే, వాడు రోడ్డు పక్కన నిలబడి క్యారేజీ సంచి విప్పి చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి.