అక్క కాలి తొడుగు

మొన్న వైశాలి నగర్‌లో మా మేడ మీద ఎండలో వదిలేసిన ప్లాస్టిక్ కుర్చీలో మా ఆయన కూర్చోబోతే, దాని కాళ్లు మెల్లగా విచ్చుకుపోయాయి. హథ్‌ఖోజ్‌లో బకెట్లు తయారుచేసే కార్ఖానాలో పనిచేస్తున్న మా అబ్బాయి తండ్రిని లేపుతూ, వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుందనీ, చలికి బిరుసెక్కుతుందనీ చెబుతుంటే నేను కిందికి వచ్చేశాను. ఆ సంగతి నాకు పన్నెండో ఏటే తెలుసు.

మన కాలంలో వీధికొక్కరైనా పోలియో పిల్లలుండేవారు కదా, మా ఇంట్లో అక్క. నాన్న తను పనిచేసే ఉక్కు ప్లాంటులో సెలవు పెట్టి నాగపూరు తీసుకెళ్లి, పాదం నుంచి మోకాలి కింది దాకా పట్టి ఉంచే ప్లాస్టిక్ తొడుగు చేయించాడు. రోజూ దాని పట్టీలు బిగించే పని నాదే గనుక, జనవరి పొద్దుల్లో అది చెక్కలా బిగుసుకుని అక్క చీలమండను ఒరిసేయడమూ, మే నెలలో కాస్త లొంగడమూ నా వేళ్లకు తెలిసేవి. నా పన్నెండో ఏటి వేసవిలో అక్క పవర్ హౌస్ బజారులో టైపు నేర్చుకోవడానికి చేరింది. బస్సు దాకా నేను తోడు వెళ్లాలి. నా స్నేహితురాళ్లు వెనకాలే అక్కలా నడిచి నవ్వేవారు. నాకు కోపం వాళ్ల మీద కాదు, అక్క మీద వచ్చేది.

ఒక మధ్యాహ్నం అక్క నిద్రపోతుండగా తొడుగును రేకుల కప్పు మీద పెట్టి, దాని మీద ఇటుక పెట్టాను. సాయంత్రానికి మడమ దగ్గర వంగిపోయి, చల్లారాక ఆ వంకరలోనే గట్టిపడింది. ఇక కాలికి ఎక్కలేదు.

"ఎండలో ఎవులెట్టినారే?" అన్నాడు నాన్న.

"అక్కే నాన్నా, కడిగి ఆరెట్టింది" అన్నాను.

"నాను కాదు నాన్నా" అంది అక్క. నాన్న అక్క చెంప మీద కొట్టాడు. "సదువెగ్గొట్టడానికి ఎన్ని ఏసాలే!"

మళ్లీ సెలవు దొరికి కొత్తది చేయించేసరికి ఏడాది పట్టింది. అక్క టైపుకి మళ్లీ వెళ్లనంది. ఆ ఏడాదంతా నేను ఒక్కదాన్నే హాయిగా తిరిగాను.

నాన్న పోయిన పదకొండో రోజున, చుట్టాలందరూ వెళ్లాక, అక్కకు నిజం చెప్పాను.

"నాకప్పుడే తెలుసే. నువ్వు సెప్పాల్సింది నాకు కాదు, నాన్నకి" అని లేచి వెళ్లిపోయింది.

ఇప్పుడు అక్క వేసుకునే తొడుగు తేలికైనది, ఎంత ఎండకీ వంగదట. రేకుల కప్పులు పోయాయి, టైపు క్లాసులూ పోయాయి. ఎవరి నవ్వుకు భయపడి అక్క బతుకును మలుపు తిప్పేశానో, ఆ పిల్లల పేర్లు నాకిప్పుడు ఒక్కటీ గుర్తు రావడం లేదు.